డబుల్ హిట్ లింఫోమాను తేల్చుకోవడం ఎలా: బిళ్ల తీసిన రోజు నుంచి ఫిష్ రిపోర్టు చేతికొచ్చే దాకా

మాది గుణుపురం. విశాఖలో ఒక హిస్టోపాథాలజీ ల్యాబులో టెక్నీషియన్‌గా పని చేస్తున్నాను. రాయగడ, గజపతి, కోరాపుట్, గంజాం జిల్లాల తెలుగువాళ్లు తరచూ ఫోన్ చేసి అడిగేది ఒక్కటే: "లింఫోమా అన్నారు, ఇంకా ఫిష్ అని ఏదో పరీక్ష చేయించమన్నారు. ముక్క ఒక ఊళ్లో ఉంది, డాక్టరు ఇంకో ఊళ్లో ఉన్నాడు. ఇప్పుడు మేం ఏం చేయాలి?" ప్రతి ఒక్కరికీ ఫోనులో సగం సగం చెప్పడం కన్నా వరసగా ఒకచోట రాసిపెట్టడం మేలనిపించింది.

ఇది రోగి ఇంటివాళ్ల కోసం రాసింది. నాలుగో భాగం మాత్రం మన ఊళ్లలో బయాప్సీలు చేసే నర్సింగ్ హోముల సిబ్బంది కూడా చదవాలి. ఏ మందు వాడాలో డాక్టరే చెప్పాలి. జబ్బుకు సరైన పేరు తేలే వరకే నేను చెప్పగలను.

1. మనం వెతుకుతున్నది ఏమిటి

లింఫోమా అంటే ఒంటిని కాపాడే తెల్ల రక్తకణాల్లో ఒక రకానికి (లింఫోసైట్లకు) వచ్చే క్యాన్సర్. ఆ కణాల్లో బి, టి అని ముఖ్యంగా రెండు రకాలున్నాయి. బి-కణాల లింఫోమాల్లో వేగంగా పెరిగే రకాల్లో ఎక్కువమందికి వచ్చేది డిఫ్యూజ్ లార్జ్ బి-సెల్ లింఫోమా. రిపోర్టులో డీఎల్‌బీసీఎల్ అని పొడి అక్షరాల్లో ఉంటుంది. మైక్రోస్కోపు కింద ఇలా కనిపించే కేసుల్లో వందకు సుమారు 5 నుంచి 10 దాకా లోపల జన్యువుల తీరు వేరుగా ఉంటుంది.

8వ క్రోమోజోము మీద మిక్ అనే జన్యువు ఉంటుంది. రిపోర్టులో ఎం, వై, సి అని మూడక్షరాలుగా రాస్తారు. అది తన చోటు నుంచి తెగి వేరే క్రోమోజోముకు అతుక్కుంటే కణం ఆగకుండా చీలుతూ పోతుంది. 18వ క్రోమోజోము మీది బీసీఎల్2 కూడా అలాగే చోటు మారితే ఆ కణానికి చావు ఉండదు. ఈ రెండూ ఒకే కణంలో జరిగితే డబుల్ హిట్. 3వ క్రోమోజోము మీది బీసీఎల్6 కూడా తోడైతే ట్రిపుల్ హిట్. జన్యువు ఇలా తెగిందా లేదా అని రంగు చుక్కలతో చూపించే పరీక్షే ఫిష్.

పేరు విషయంలో ఒక చిక్కుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 వర్గీకరణ మిక్, బీసీఎల్2 జతనే ప్రత్యేక జబ్బుగా ఉంచింది. మిక్, బీసీఎల్6 జత మాత్రమే ఉన్నవాటిని ఆ గుంపులోంచి తీసేసింది. అదే ఏడాది వచ్చిన ఇంటర్నేషనల్ కన్సెన్సస్ వర్గీకరణ వాటినీ తాత్కాలికంగా ఒక విడి రకంగా ఉంచింది. అందుకని రెండు ఆస్పత్రుల కాగితాల్లో పేర్లు కలవకపోతే కంగారు పడకండి. ఏ ఏ జన్యువులు తెగాయో ఆ వాక్యం చూడండి.

ఇదంతా మొదట్లోనే ఎందుకు తెలియాలంటే, డీఎల్‌బీసీఎల్‌కు మామూలుగా ఇచ్చే ఆర్-చాప్ మందుల వరస ఈ రకం మీద చాలామందిలో అంత బాగా పనిచేయదు. మెదడుకూ వెన్నునీటికీ పాకే భయం కూడా ఎక్కువ. ఆరు కోర్సులు అయిపోయాక తెలుసుకుంటే లాభం చాలావరకు పోతుంది.

2. బయాప్సీకి ముందు: వేసుకోకూడని మందు

మెడలోనో చంకలోనో గజ్జల్లోనో బిళ్ల కట్టి, నొప్పి లేకుండా వారాల్లోనే పెరుగుతుంటే, రాత్రిళ్లు బనీను పిండేలా చెమటలు పడుతుంటే, తిండి తింటున్నా బరువు తగ్గుతుంటే ముక్క పరీక్ష అడగాల్సిందే.

మన దగ్గర మెడలో బిళ్ల అంటే ముందు అందరి నోటా వచ్చే మాట టీబీ. ఆ అనుమానం సహజమే. ముక్కలో రుజువు దొరకకుండానే టీబీ మాత్రలు మొదలుపెట్టి, "ఇంకో నెల చూద్దాం, ఇంకో నెల చూద్దాం" అంటూ పోవడంతోనే నష్టమంతా. వేగంగా పెరిగే లింఫోమా అన్ని నెలలు ఆగదు. టీబీ మందులు వాడుతున్నా బిళ్ల పెరుగుతూనే ఉంటే వెంటనే బయాప్సీకి వెళ్లండి.

అంతకన్నా పెద్ద పొరపాటు స్టెరాయిడ్లు. డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్, బీటామెథసోన్ వంటివి ఇవ్వగానే జ్వరం దిగుతుంది, బిళ్ల కరుగుతుంది, ఇంట్లో అందరికీ ప్రాణం లేచొస్తుంది. కరిగింది లింఫోమా కణాలే. కొన్నాళ్లకు బిళ్ల మళ్లీ పైకొస్తుంది. ఈ మధ్యలో ముక్క తీస్తే మాకు స్లైడు మీద చచ్చిన కణాలూ మచ్చలే కనిపిస్తాయి. "నిర్ధారణ సాధ్యం కాలేదు" అని రాయడం తప్ప మేం చేయగలిగింది ఉండదు.

బయాప్సీకి ముందు చూసుకోవలసినవి:

- గత నెలలో వేసిన ఇంజెక్షన్లు, మాత్రల పేర్లు ఒక కాగితం మీద రాశారా. చీటీ లేకపోతే ఖాళీ స్ట్రిప్పు, ఇంజెక్షన్ సీసా ఫోటో తీసుకోండి.
- నొప్పికి, ఆయాసానికి, కీళ్లకు వేసిన "పొడి" మందుల్లోనూ స్టెరాయిడ్ ఉండొచ్చు. ఆ సంగతీ చెప్పండి.
- రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా.
- స్టెరాయిడ్ ఇప్పటికే పడిందా. పడి ఉంటే దాచకండి. ఎన్నాళ్లుగా వాడుతున్నారో చెప్పి, బయాప్సీ ఎప్పుడు చేయాలో, మాత్ర ఎలా తగ్గించాలో డాక్టరునే అడగండి. మీ అంతట మీరు హఠాత్తుగా ఆపకండి.

ఒక మినహాయింపు ఉంది. ముఖం ఉబ్బి ఊపిరి ఆడకపోతున్నా, కాళ్లు చచ్చుబడుతున్నా, మూత్రం తగ్గిపోయినా ఈ లెక్కలేవీ వద్దు. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. అక్కడ ప్రాణం నిలబెట్టడానికి ఏది అవసరమైతే అది ఇస్తారు.

3. ముక్క ఎలా తీయాలి, ఎంత తీయాలి

సన్న సూదితో పీల్చి చేసే ఎఫ్ఎన్ఏసీ అనుమానాన్ని బలపరుస్తుంది, అంతే. దాంతో లింఫోమా రకం తేలదు. అందులో "లింఫోమా కావచ్చు" అని వస్తే తర్వాతి అడుగు బయాప్సీయే. ఎఫ్ఎన్ఏసీ ఇంకోచోట మళ్లీ చేయిస్తే వారం పోతుంది, చేతికి ఏమీ రాదు.

అన్నిటికన్నా మంచిది బిళ్లను పూర్తిగా కోసి తీయడం. బిళ్ల కడుపు లోపల, ఛాతీ లోపల ఉండి కోయడానికి వీలుకాకపోతే స్కాను చూస్తూ లావు సూదితో కోర్ బయాప్సీ చేస్తారు. 18 గేజ్ కన్నా సన్నని సూది వద్దని, వీలైతే నాలుగు నుంచి ఆరు తీగలు తీయమని అడగండి. ఒక్క సన్న తీగ వస్తే మామూలు పరీక్షలకే అయిపోతుంది, ఫిష్‌కు ఏమీ మిగలదు.

మెడలోనూ గజ్జల్లోనూ బిళ్లలుంటే గజ్జల బిళ్లకు చివరి చోటు ఇవ్వాలి. కాళ్ల మీది పుళ్ల వల్ల, పాత దెబ్బల వల్ల కూడా గజ్జల్లో బిళ్లలు కడతాయి, అవి దారి తప్పిస్తాయి. పెట్-స్కాన్ ముందే అయి ఉంటే అందులో బాగా వెలిగిన బిళ్లను ఎంచుకోవడం మంచిది.

సర్జన్‌ను ఇంకొక్క మాట అడగండి: "టీబీ పరీక్షకు చిన్న ముక్క విడిగా తీస్తారా?" ఫార్మలిన్‌లో పడిన ముక్కలో టీబీ క్రిములు బతకవు, కల్చర్ చేయడం కుదరదు. బియ్యపు గింజలంత చిన్న ముక్కను శుభ్రమైన సీసాలో మామూలు సెలైన్‌లో పెట్టి అదే రోజు టీబీ ల్యాబుకు పంపితే ఒకే కోతతో రెండు ప్రశ్నలకూ జవాబు దొరుకుతుంది. సెలైన్ ఈ ఒక్క చిన్న ముక్కకే. మిగతా బిళ్ల మొత్తం ఫార్మలిన్‌లోకి పోవాలి.

4. సీసా, ఫార్మలిన్, మొదటి గంట

కేసులు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే.

మా మేనమామ మెడ బిళ్లను ఒక శనివారం సాయంత్రం తీశారు. ఎక్కడ తీశారో ఇప్పుడు ముఖ్యం కాదు. ఫార్మలిన్ అయిపోయిందని సెలైన్ సీసాలో వేసి మా అత్త చేతికిచ్చారు. సోమవారం మధ్యాహ్నానికి అది మా ల్యాబు బల్ల మీదికి వచ్చింది. మూత తీయగానే వాసన కొట్టింది. లింఫోమా బిళ్లను కోస్తే లోపల చేప కండలా తెల్లగా, నున్నగా, గట్టిగా ఉండాలి. ఇది కత్తికి బూడిద రంగు ముద్దలా అంటుకుంది. అయినా మైనంలో పోత పోసి బ్లాకు చేశాం, స్లైడు చేశాం. కణాల అంచులే లేవు. మామయ్యకు చంకలో ఇంకో బిళ్ల తీయాల్సొచ్చింది. మూడు వారాలు పోయాయి. ఆ మూడు వారాల్లో మెడ వాపు గొంతు దాకా వచ్చింది. ఆ రోజు ఆ గదిలో సరైన ద్రవం ఒక సీసాడు ఉండి ఉంటే ఇదేదీ జరిగేది కాదు.

కావలసిన ద్రవం 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్. కొనుక్కుంటే సరే. చేసుకునే వాళ్లకు ఒక లీటరు లెక్క ఇది:

- బజారులో దొరికే గాఢ ఫార్మలిన్ 100 మిల్లీలీటర్లు
- డిస్టిల్డ్ వాటర్ 900 మిల్లీలీటర్లు
- సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ మోనోహైడ్రేట్ 4 గ్రాములు
- డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్, నీరులేని రకం, 6.5 గ్రాములు

రెండు ఫాస్ఫేట్లు లేకుండా నీళ్లు మాత్రమే కలిపిన ఫార్మలిన్ రోజులు గడిచేకొద్దీ పుల్లబడుతుంది. పులుపు జన్యు పదార్థాన్ని తినేస్తుంది. అలాంటి ముక్క మైక్రోస్కోపు కింద బాగానే కనిపించినా ఫిష్‌లో చుక్కలు వెలగవు.

ముక్క తీశాక చేయవలసిన వరస:

- తీసిన గంట లోపల ఫార్మలిన్‌లో వేయాలి. గాజుగుడ్డలో చుట్టి పక్కన పెట్టి ఆపరేషన్ ముగించాక చూద్దాం అనుకోకూడదు.
- పెద్ద బిళ్లయితే పదునైన బ్లేడుతో నాలుగైదు మిల్లీమీటర్ల మందం ముక్కలుగా కోసి వేయాలి. ఫార్మలిన్ గంటకు సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే లోపలికి ఇంకుతుంది. నిమ్మకాయంత బిళ్లను అలాగే వేస్తే పైన ఉడికినట్టయి లోపల కుళ్లిపోతుంది.
- ద్రవం ముక్కకు పది రెట్లు ఉండాలి. ముక్క తడిస్తే చాలదు, మునిగి తేలాడాలి.
- వెడల్పు మూతి డబ్బా వాడాలి. మెత్తగా ఉన్న ముక్కను ఇంజెక్షన్ సీసా ఇరుకు మూతిలోంచి లోపలికి తోసేస్తారు. గట్టిపడ్డాక అది బయటికి రాదు. సీసా పగలగొట్టి తీసిన రోజులు మాకున్నాయి.
- ఫ్రిజ్‌లో ఐసు కట్టే చోట పెట్టకూడదు. సర్జికల్ స్పిరిట్‌లో వేయకూడదు.
- ఆరు గంటలకు తక్కువ కాకుండా, మూడు రోజులు దాటకుండా ముక్క ల్యాబులో ప్రాసెసింగ్‌కు చేరాలి. పండగ సెలవులు చూసుకుని బయాప్సీ తేదీ పెట్టుకోండి.

ఎముక మూలుగ ముక్క తీసినప్పుడు ఒక విషయం గుర్తుంచుకోండి. ఎముక మెత్తబడటానికి దాన్ని ఆమ్లంలో నానబెడతారు, ఆ తర్వాత ఫిష్ సరిగ్గా రాదు. ఫిష్ అవసరం పడవచ్చని ముందే చెబితే ఆమ్లానికి బదులు ఈడీటీఏ అనే రసాయనంతో మెత్తబరుస్తారు. ఆలస్యమైనా జన్యు పదార్థం నిలుస్తుంది.

5. పేరు, నంబరు, కాగితాలు

మన సరిహద్దు తెలుగువాళ్లకే వచ్చే తంటా ఇది. మనకు ఇంటిపేరు ముందు. ఒడిశా ఆస్పత్రి రిజిస్టరులో ఇంటిపేరు వెనక్కి పోతుంది. ఆధార్‌లో ఒకలా, ఆరోగ్య కార్డులో ఒకలా, ముక్క డబ్బా మీద పొట్టి పేరు ఒక్కటే ఉంటుంది. ల్యాబులో రెండు కాగితాల్లో పేరు కలవకపోతే పరీక్ష ఆపేస్తాం. ఆపాలి కూడా, ఒకరి ముక్క ఇంకొకరి పేరు మీద పోవడం కన్నా ఘోరం లేదు.

మొదటి రోజే ఒక నిర్ణయం తీసుకోండి: ఆధార్‌లో ఎలా ఉందో అక్షరం పొల్లు పోకుండా అన్నిచోట్లా అదే. అడ్మిషన్ చీటీ రాసేటప్పుడు పక్కనే నిలబడి చూడండి. ఫారం ఒడియాలో ఉండి చదవలేకపోతే సిగ్గుపడకుండా చదివించుకోండి.

డబ్బా మీద, కాగితం మీద ఉండవలసినవి:

- పూర్తి పేరు, వయసు, ఆస్పత్రి నంబరు
- ముక్క ఏ చోటు నుంచి తీశారు, కుడా ఎడమా
- తీసిన తేదీ, ఫార్మలిన్‌లో వేసిన సమయం
- "లింఫోమా అనుమానం" అన్న మాట
- స్టెరాయిడ్, టీబీ మందులు వాడారా లేదా
- హెచ్ఐవీ పరీక్ష ఫలితం ఉంటే అది

పేరు డబ్బా ఒంటికి అంటించాలి, మూతకు కాదు. మూతలు మారిపోతాయి.

కార్డు సంగతి. ఒడిశాలో 2025 నుంచి ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిసి అమలవుతున్నాయి. ఈ కార్డుతో విశాఖకు రావాలనుకుంటే ఆ ఆస్పత్రి జాబితాలో ఉందా, ఐహెచ్‌సీ (కణాల గుర్తులను రంగుతో పట్టే పరీక్ష), ఫిష్ ఖర్చులు ప్యాకేజీలోకి వస్తాయా అని బయల్దేరే ముందే ఆరోగ్యమిత్ర డెస్కుకు ఫోన్ చేసి అడగండి. ఆంధ్రాలోని ఎన్టీఆర్ వైద్య సేవ అక్కడి కార్డు ఉన్నవాళ్లకే. చుట్టాల కార్డు మీద చేయిద్దామన్న ఆలోచన వద్దు, పేరు కలవక చివరికి బ్లాకే చిక్కులో పడుతుంది.

6. బ్లాకును చేతిలో పెట్టుకుని ప్రయాణం

ముక్కను మైనంలో పోత పోసి చేసే చిన్న దిమ్మను బ్లాకు అంటారు. అగ్గిపెట్టె కన్నా చిన్నది. మీ మనిషి జబ్బుకు సంబంధించిన సాక్ష్యమంతా అందులోనే ఉంటుంది.

బరంపురం ఎంకేసీజీ, కోరాపుట్ ఎస్ఎల్ఎన్ వైద్య కళాశాలల్లో బయాప్సీ చేయించుకుని, తర్వాత కటక్ ఆచార్య హరిహర్ క్యాన్సర్ సంస్థకో, భువనేశ్వర్ ఎయిమ్స్‌కో, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రికో వెళ్తుంటారు. ఎక్కడికి వెళ్లినా స్లైడ్లతో పాటు బ్లాకు కూడా ఉండాలి. రంగు వేసిన స్లైడు మీద మళ్లీ చేయగలిగింది తక్కువ. బ్లాకు ఉంటే ఎన్ని స్లైడ్లైనా కోసుకోవచ్చు.

- పాథాలజీ విభాగంలో దరఖాస్తు రాసి బ్లాకు అడగండి. రసీదు ఇస్తారు, దాని ఫోటో తీసుకోండి.
- బ్లాకు మీది నంబరు, రిపోర్టు మీది నంబరు అక్కడే నిలబడి సరిచూసుకోండి.
- ఒకటి కన్నా ఎక్కువ బ్లాకులుంటే కణితి ఎక్కువగా ఉన్న బ్లాకు ఏదో అడిగి రాయించుకోండి.
- చిన్న ప్లాస్టిక్ డబ్బాలో దూది వేసి పెట్టి, చేతిసంచిలో ఉంచుకోండి.

వేసవిలో జాగ్రత్త. ఈ మైనం సుమారు 56 నుంచి 60 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మే నెలలో ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు మీద పెట్టినా, బస్సు ఇంజన్ మీది మూత మీద సంచి పెట్టినా మైనం మెత్తబడి ముక్క జరిగిపోతుంది. రాయగడ నుంచి పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా రైల్లో వచ్చేటప్పుడు ఎండ పడే కిటికీ పక్కన పెట్టకుండా చూసుకుంటే చాలు. ఐసు అక్కర్లేదు.

7. ఐహెచ్‌సీ: ఏ రంగులు, ఎందుకు

ఐహెచ్‌సీ అంటే కణం మీది గుర్తులను రంగుతో పట్టుకునే పరీక్ష. కనీసం ఇవి ఉన్నాయో లేదో రిపోర్టులో చూడండి:

- సీడీ20, సీడీ3: ఇది బి-కణమా, టి-కణమా.
- సీడీ10, బీసీఎల్6, మమ్1: ఈ మూడింటితో జీసీబీ రకమా (లింఫు గ్రంథిలోని జెర్మినల్ సెంటర్ అనే భాగపు బి-కణాల నుంచి పుట్టిందా), కాదా అని పంచుతారు.
- బీసీఎల్2, మిక్: ప్రోటీను ఎంత ఉంది.
- కి-67: ఎంత వేగంగా పెరుగుతోంది.
- సైక్లిన్ డీ1: మాంటిల్ సెల్ లింఫోమా అనే వేరే జబ్బును పక్కన పెట్టడానికి.
- టీడీటీ: కణాలు పసికణాల్లా కనిపిస్తే లింఫోబ్లాస్టిక్ రకాన్ని పక్కన పెట్టడానికి.

ముక్క చిన్నదైతే మా లోపలి చిట్కా ఒకటి చెప్తాను. బ్లాకును కోసే యంత్రానికి బిగించిన ప్రతిసారీ ఉపరితలం సమం చేయడానికే కొంత ముక్క పోతుంది. మొదటిసారి బిగించినప్పుడే రంగు వేయని స్లైడ్లు ఎనిమిదో పదో అదనంగా, ముక్క ఊడిపోకుండా పట్టుకునే ఛార్జ్డ్ స్లైడ్ల మీద, సుమారు 4 మైక్రాన్ల మందంతో కోసి పెట్టమని కోరండి. డాక్టరు చేత రిక్వెస్టు ఫారంలో ఒక్క వాక్యం రాయిస్తే మేం తప్పకుండా చేస్తాం. కోర్ బయాప్సీ కేసుల్లో ఈ ఒక్క వాక్యం రెండో బయాప్సీ తప్పించడం నేను చాలాసార్లు చూశాను.

8. ఫిష్: ఏది ముందు, ఏది తర్వాత

జన్యువు తెగిందా లేదా అని నేరుగా చూపించేది ఫిష్. మూడు జన్యువులకూ ఒకేసారి చేయించమంటే ఖర్చు మూడింతలవుతుంది. డబ్బుకు ఇబ్బంది ఉన్నవాళ్లకు ఈ వరస చాలు:

- ముందు మిక్ ఒక్కటే.
- మిక్ తెగలేదని వస్తే డబుల్ హిట్ ప్రశ్న చాలావరకు అక్కడితో ముగుస్తుంది.
- తెగిందని వస్తే అదే ముక్క మీద బీసీఎల్2, బీసీఎల్6.

డీఎల్‌బీసీఎల్ కేసుల్లో మిక్ తెగేది వందకు సుమారు 10 నుంచి 15 మందిలోనే. కాబట్టి ఎక్కువమందికి రెండో మెట్టు ఖర్చే ఉండదు.

ఎవరికి చేయించాలి? కొత్తగా డీఎల్‌బీసీఎల్ తేలిన ప్రతి ఒక్కరికీ మిక్ ఫిష్ చేయించడమే సరైనదని నా అభిప్రాయం. అది కుదరనప్పుడు కొన్నిచోట్ల జీసీబీ రకానికే పరిమితం చేస్తారు. మిక్, బీసీఎల్2 జత ఉన్నవి దాదాపు అన్నీ జీసీబీలోనే ఉంటాయి కనుక అందులో అర్థం ఉంది. కి-67 తక్కువగా ఉందని ఫిష్ మానేయడంలో మాత్రం అర్థం లేదు. కి-67 అరవై, డెబ్బై శాతం ఉన్న డబుల్ హిట్‌లూ ఉంటాయి.

ల్యాబును అడగాల్సిన సాంకేతిక ప్రశ్న ఒక్కటే: మిక్‌కు వాడుతున్నది బ్రేక్-అపార్ట్ ప్రోబేనా (జన్యువుకు అటూ ఇటూ రెండు రంగులు అంటించి, తెగితే అవి విడిపోయి కనిపించేలా చేసేది)? అది తెగడాన్ని చాలావరకు పట్టుకుంటుంది, కొన్నిటిని వదిలేస్తుంది. ప్రోటీను బలంగా ఉండి, కణాల రూపం అనుమానంగా ఉండి, బ్రేక్-అపార్ట్ నెగటివ్ వస్తే మిక్ వెళ్లి ఐజీహెచ్ అనే జన్యువుకు అతుక్కుందేమో చూసే మిక్-ఐజీహెచ్ ఫ్యూజన్ ప్రోబు కూడా వేయించమని పాథాలజిస్టును అడగవచ్చు.

9. రిపోర్టు చదవడం, దొర్లే తప్పులు

చీకటి గదిలో ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోపు కింద చూస్తే నీలి కణాల్లో రంగు చుక్కలు మెరుస్తుంటాయి. మామూలు కణంలో ఎరుపు, ఆకుపచ్చ చుక్కలు అంటుకుని పసుపు జంటలు రెండు ఉంటాయి. జన్యువు తెగిన కణంలో ఒక పసుపు జంట అలాగే ఉంటుంది, రెండోది విడిపోయి ఎరుపు ఒక మూల, ఆకుపచ్చ ఇంకో మూల కనిపిస్తాయి. అలాంటి కణాలు ఎన్ని శాతం ఉన్నాయో లెక్కపెట్టి, ల్యాబు గీసుకున్న హద్దుతో పోల్చి రాస్తారు.

ఇంటివాళ్లు ఎక్కువగా తికమక పడేవి:

డబుల్ ఎక్స్‌ప్రెసర్‌ను డబుల్ హిట్ అనుకోవడం. ఐహెచ్‌సీలో మిక్ 40 శాతం, బీసీఎల్2 50 శాతం కన్నా ఎక్కువ కణాల్లో ఉంటే డబుల్ ఎక్స్‌ప్రెసర్ అంటారు. అది ప్రోటీను లెక్క. డబుల్ హిట్ జన్యువు తెగిన లెక్క, ఫిష్‌తోనే తేలుతుంది. ఈ రెండు మాటలూ కలిసిపోయి ఇంటిల్లిపాదీ ఏడ్చిన సందర్భాలున్నాయి.

అదనపు కాపీలను హిట్ అనుకోవడం. "గెయిన్" లేదా "ఎక్స్‌ట్రా కాపీస్" అని ఉంటే జన్యువు ప్రతులు పెరిగాయని అర్థం. తెగలేదు. "రీఅరేంజ్‌మెంట్" అన్న మాట పక్కన పాజిటివ్ ఉందా, నెగటివ్ ఉందా, అది చూడాలి.

ఫెయిలైన ఫిష్‌ను నెగటివ్ అనుకోవడం. "సిగ్నల్స్ రాలేదు", "అంచనా వేయలేం" అంటే జవాబు రాలేదని అర్థం. వేరే బ్లాకుతో మళ్లీ చేయించాలి. పాడైన ఫార్మలిన్ ఫలితం ఇక్కడ బయటపడుతుంది.

రిపోర్టు డీఎల్‌బీసీఎల్ దగ్గరే ఆగిపోవడం. ఫిష్ ప్రస్తావనే లేకపోతే అది సగం పేరు. "మిక్ ఫిష్ పంపారా?" అని ఆంకాలజిస్టును నేరుగా అడగండి. ఆ మాట అడిగారని ఏ మంచి డాక్టరూ కోప్పడడు.

10. బర్కిట్‌లా ఉంది, మిక్ మాత్రం తెగలేదు అంటే

ఇది మరీ అరుదు, అయినా పిల్లల, యువకుల కేసుల్లో తెలిసి ఉండాలి. మైక్రోస్కోపు కింద బర్కిట్ లింఫోమాలా (చాలా వేగంగా పెరిగే ఇంకో బి-కణ రకం) ఉంటుంది, కి-67 నూటికి దగ్గరగా ఉంటుంది, మిక్ ఫిష్ నెగటివ్ వస్తుంది. అప్పుడు 11వ క్రోమోజోము పొడవు చేతిని (11క్యూ అంటారు) చూడాలి. ఒకచోట అదనంగా పెరిగి, దాని కింద చివర తెగిపోయిన తీరు ఉంటే అది 11క్యూ మార్పు ఉన్న లింఫోమా. దానికి ప్రత్యేక ఫిష్ ప్రోబు, లేదా క్రోమోజోమల్ మైక్రోఅరే అనే పరీక్ష ఉంటాయి. "మిక్ నెగటివ్ కనుక మామూలు డీఎల్‌బీసీఎల్" అని ముగించేయకుండా 11క్యూ గురించి అడగండి.

పిల్లల్లో, యువకుల్లో టాన్సిల్ దగ్గరో మెడలోనో వచ్చి మమ్1 బలంగా ఉంటే ఐఆర్ఎఫ్4 అనే జన్యువులో మార్పు ఉన్న రకం కావచ్చు. అది చికిత్సకు బాగా లొంగుతుంది. దాన్ని గుర్తిస్తే పిల్లవాడికి అక్కర్లేని ఘాటు మందులు తప్పవచ్చు.

11. ఫిష్ వచ్చేలోగా చేయించుకోవలసినవి

ఫిష్‌కు వారం, పది రోజులు పట్టవచ్చు. ఆ రోజుల్ని ఊరికే పోనివ్వకండి.

- పెట్-సీటీ, వీలుకాకపోతే మెడ నుంచి కటి దాకా సీటీ స్కాను
- ఎల్‌డీహెచ్, యూరిక్ యాసిడ్, క్రియాటినిన్, పొటాషియం, కాలేయ పరీక్షలు
- హెపటైటిస్ బి: హెచ్‌బీఎస్ఏజీ ఒక్కటే చాలదు, యాంటీ-హెచ్‌బీసీ కూడా. ఆర్-చాప్‌లోని రిటుక్సిమాబ్ మందు పడితే దాగి ఉన్న వైరస్ లేచి కాలేయాన్ని దెబ్బతీస్తుంది.
- హెచ్ఐవీ, హెపటైటిస్ సి
- గుండె ఎకో
- డాక్టరు చెబితే ఎముక మూలుగ, వెన్నునీరు పరీక్షలు
- పిల్లలు కావాలనుకునే వయసువాళ్లు మందులకు ముందే ఆ మాట డాక్టరుతో మాట్లాడటం

మనిషి పరిస్థితి బాగాలేకపోతే ఫిష్ కోసం కీమో ఆపి కూర్చోవడం సరికాదు. ముక్క భద్రంగా ల్యాబుకు చేరాక, చాలామంది డాక్టర్లు మొదటి కోర్సు ఆర్-చాప్‌తో మొదలుపెట్టి, డబుల్ హిట్ అని తేలితే రెండో కోర్సు నుంచి వరస మారుస్తారు. మీరు చేయాల్సిందల్లా రెండో కోర్సు తేదీకి ముందు ఫిష్ రిపోర్టు డాక్టరు బల్ల మీద ఉండేలా చూడటం. ఆ తేదీ క్యాలెండరులో రాసుకోండి, దానికి మూడు రోజుల ముందు ల్యాబుకు ఫోన్ చేయండి.

పరీక్ష అయిపోయాక బ్లాకును ల్యాబులోనే మరిచిపోకండి. వెనక్కి తీసుకుని, రసీదు చూపించి, ఇచ్చిన చోటే అప్పగించి సంతకం తీసుకోండి. రెండేళ్ల తర్వాత మళ్లీ బిళ్ల కడితే పాత బ్లాకుతో కొత్తదాన్ని పోల్చి చూడమని డాక్టరు అడుగుతాడు. అప్పుడు అది ఏ అలమారులో ఉందో మీకు తెలియాలి.